దాలమ్మ పలికిన పేరు

నెల్లివలస గ్రామ సచివాలయం నుంచి ఆ ఉత్తరం మంగళవారం నాడు వచ్చింది. ఉత్తరమంటే నిజంగా ఉత్తరమే. గీతల కాగితం మీద నీలం సిరాతో రాసి, మడిచి, తపాలా బిళ్ళ అంటించి పంపారు. విశాఖపట్నంలోని మా ప్రయోగశాలకి అలాంటిదొకటి వచ్చి మూడేళ్ళు దాటింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన దాన్ని ఎవరికివ్వాలో తెలియక రెండంతస్తులు తిరిగి, చివరికి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

కాగితాలు లేకుండా చేయడమే మా పని మరి. మేం తయారుచేసిన పోర్టల్ పేరు ‘నోటిమాట’. ఏ సర్కారు సేవ కావాలన్నా అందులో నోటితో చెబితే చాలు. నేను ఫలానా ఊళ్ళో పుట్టాను, ఫలానా పొలం సాగు చేస్తున్నాను, ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, అంతే. ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు, ఏ సంతకమూ అక్కర్లేదు. చెప్పేవాళ్ళు తమకు తెలిసిన నిజాన్నే చెబుతున్నారో లేదో పోర్టల్ కనిపెడుతుంది.

అది మొట్టమొదట పట్టుకున్న అబద్ధం మా డైరెక్టరు భూషణరావు గారిది. ఆయనకి చక్కెర జబ్బు. పరీక్ష గదిలో కూర్చోబెట్టి పొద్దున్న ఏం తిన్నారని అడిగితే, రాగిజావ తాగానని హుందాగా చెప్పారు. తెర మీద తిన్నగా నడుస్తున్న ఆకుపచ్చ గీత ‘జావ’ దగ్గర వంగింది. కాసేపు బుకాయించి, మైసూరు బజ్జీలని ఒప్పుకున్నారు. ఆ రోజు ల్యాబంతా మిఠాయిలు పంచుకున్నాం, ఆయనకి తప్ప.

సంగతి చాలా చిన్నది. తెలిసిన నిజం చెప్పేటప్పుడు గొంతు తిన్నగా కదులుతుంది. అబద్ధం చెప్పాలంటే నోటిదాకా వచ్చిన మాటని పక్కకి నెట్టి ఇంకో మాటని తెచ్చిపెట్టుకోవాలి. ఆ నెట్టడానికి కనురెప్పపాటులో పదో వంతు కాలం పడుతుంది. మనిషి చెవికి అది అందదు. మామూలు ఫోనులో ఉండే మైకుకి అందుతుంది, వినడం నేర్పితే. నేర్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఏడాదిగా మూడు జిల్లాల్లో నోటిమాట నడుస్తోంది. వచ్చే సోమవారం రాష్ట్రమంతటికీ విస్తరించే సమీక్ష ఉంది. దానికి నేను పెట్టిన నియమాలు రెండున్నాయి. ఒకటి, చెప్పేవాళ్ళు తమ ఊరి సచివాలయంలో పోర్టల్ పెట్టె ముందు ఒంటరిగా కూర్చుని చెప్పాలి. పక్కన రెండో గొంతు వినబడిందా, పోర్టల్ అక్కడికక్కడే ఆపేస్తుంది. మండలాఫీసుల దగ్గర జనం చెవుల్లో మాటలు ఊదే దళారులను చూసి ఒళ్ళు మండి పెట్టిన నియమం అది. రెండోది, ఒకసారి తీర్పు వచ్చాక ఎవరి చెయ్యీ అందులో దూరకూడదు, నాది కూడా. అబద్ధమని తేలితే తొంభై రోజులు తలుపు మూసుకుంటుంది. ఫిర్యాదుల పేజీ ఒకటి ఉండేది. తప్పు చేయని దానిమీద ఫిర్యాదేమిటని నేనే తీసేయించాను. అందుకే ఈ ఉత్తరం తపాలాలో రావలసివచ్చింది.

రాసింది నెల్లివలస సచివాలయంలో పనిచేసే రోహిణి అనే డిజిటల్ అసిస్టెంటు. ఆ ఊరి లెంక జగ్గునాయుడు గుండె కవాటం చెడిపోయి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఉన్నాడు. శుక్రవారం ఆపరేషన్. సర్కారు ఆరోగ్య పథకం కింద మంజూరు కావాలంటే నోటిమాటలో చెప్పాలి. ఆయన ఆయాసంతో ఉన్నాడు కనుక ఆయన గొంతు పోర్టల్‌కి పట్టదు. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి వేరే కుటుంబాల కింద నమోదయ్యారు. చెప్పాల్సింది భార్య దాలమ్మే. ఆమె చెప్పింది. పోర్టల్ అబద్ధమంది. తలుపు మూసుకుపోయింది. ‘దాలమ్మ అబద్ధం చెప్పలేదు మేడం, కావాలంటే నేను మీ పెట్టె ముందు కూర్చుని ఆ మాట చెబుతాను’ అని రాసి ముగించింది రోహిణి.

నిజం చెప్పొద్దూ, నాకు జాలి కలగలేదు. కోపం వచ్చింది. ఆవిడ రికార్డింగు తెప్పించి విన్నాను. మొదటిసారి పోర్టల్ భర్త పేరు అడగగానే ఏదో చీర సవ్వడి, తర్వాత ఇంకెవరో ఆడమనిషి గొంతు ‘లెంక జగ్గునాయుడు’ అంది. రెండో గొంతు కనుక అక్కడితో ఆగిపోయింది. మర్నాడు ఒక్కతే కూర్చుంది. పేరు అడిగితే నాలుగు సెకన్ల నిశ్శబ్దం. ‘జగ్గు’ అంది. గుటక మింగింది. ‘నాయుడు’ అంది. ఇన్నేళ్ళలో నేను చూసిన గీతల్లో అంత వంకర గీత లేదు. మాట నోటిదాకా రావడం, పక్కకి నెట్టబడడం, మళ్ళీ రావడం, అబద్ధానికి ఉండే లక్షణాలన్నీ అందులో ఉన్నాయి. ఎవరో పైమనిషి భార్యనని చెప్పుకుంటోందని తేల్చుకున్నాను. బుధవారం పొద్దున్నే కారెక్కి నెల్లివలస బయల్దేరింది ఆవిడకి సాయం చేయడానికి కాదు, నా యంత్రం గెలుపు కళ్ళారా చూడడానికి.

ఊళ్ళోకి వెళ్ళి ముందు రేషన్ డీలర్ని అడిగాను, తర్వాత టీకొట్టు ఆయన్ని, తర్వాత అంగన్‌వాడీ టీచర్ని. ఊరంతా ఒక్కటే మాట. దాలమ్మ జగ్గునాయుడి పెళ్ళాం కాకపోతే ఇంకెవరి పెళ్ళామని నన్నే వింతగా చూశారు. టీకొట్టు ఆయన అయితే వాళ్ళ పెళ్ళిలో తను రెండోసారి పప్పు వేయించుకున్న సంగతి కూడా చెప్పాడు. నలభై రెండేళ్ళ కిందటి పప్పు.

రోహిణి నన్ను ఊరి పక్కన పారే గెడ్డ, అంటే వాగు, దగ్గరికి తీసుకెళ్ళింది. గోగు కట్టలు నీళ్ళలో ఊరబెట్టి నార తీస్తున్నారు. ఆ కుళ్ళిన వాసనకి నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కట్ట విప్పుతున్న సన్నపాటి మనిషే దాలమ్మ. పక్కన ఆమెకంటే లావుగా, ఆమెకంటే గట్టిగా మాట్లాడే తవిటమ్మ ఉంది. మొదటి రికార్డింగులో విన్న రెండో గొంతు ఆవిడదే.

నేను ఎవరో రోహిణి చెప్పగానే దాలమ్మ చేతిలో నార వదిలేసి ఒడ్డుకొచ్చింది. భర్త ఆసుపత్రిలో ఉంటే ఇక్కడెందుకున్నావని అడిగాను. నా గొంతులో పోలీసు ఉన్నాడని నాకే తెలిసింది. ఆమె తవిటమ్మ వైపు చూసింది. తవిటమ్మ అందుకుంది.

“మొగుడి పేరు పెళ్ళాం పలికితే ఆయుస్సు తరిగిపోద్దమ్మా. మాకు బేంకులోనైనా, ఆస్పత్రిలోనైనా పక్కనున్నోలే సెప్తారు. దీని మొగుడి పేరు నాను సెప్తాను. నా మొగుడి పేరు ఇది సెప్తాది. మా అత్తల కాలం నించీ ఇదే వొరస. మీ పెట్టికి ఆ పాటి తెలీదేటి?”

తెలీదు. నేను చెప్పలేదు కనుక దానికి తెలీదు. కానీ నాకు తెలుసు. నన్ను బడిలో చేర్చిన రోజు మాస్టారు నాన్న పేరు అడిగితే, మా అమ్మ నా చేతిలో పలక లాక్కుని రాసి చూపించింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ పేరు ఆవిడ నోట నేను వినలేదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగి, గొంతుల మీద పదకొండేళ్ళు పనిచేసి, ఈ ఒక్క సంగతీ మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పుకోవడం కూడా సిగ్గుగా ఉంది. ఇలాంటివాళ్ళు నా పోర్టల్ ముందుకి వస్తారని అసలు అనుకోలేదు, అదీ నిజం.

దాలమ్మ చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ అప్పుడు నోరు విప్పింది.

“పలికీసినానమ్మా. ఆ పెట్టి ముంగట ఒక్కద్దాన్నే కూకుని పలికీసినాను. అబద్దమంది. ఆ సాయంత్రవే ఆయనకి ఊపిరి సాలక అద్దాల గదిలో ఎట్టీసినారని మా పెద్దది ఫోన్ సేసింది. ఇంకే మొహం ఎట్టుకుని ఎల్తాను?”

తొమ్మిది రోజులుగా ఆమె ఆసుపత్రికి వెళ్ళలేదు. తన నోటివల్లే ఆయన ప్రాణం మీదికి వచ్చిందనీ, దగ్గరికి వెళితే ఇంకా కీడనీ నమ్ముతోంది. పెద్ద కూతురిని కాపలా పెట్టి ఇక్కడ గోగు కట్టలు విప్పుతోంది. నలభై రెండేళ్ళు దాచుకున్న పేరుని నా పెట్టె కోసం బయటపెడితే, అది ఆమెని అబద్ధాలకోరని పంపేసింది. నాకు ఏడుపొచ్చింది. గోగు వాసన వంక పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా ల్యాబులో ఉన్నాను. ఏడాదిలో నోటిమాట అబద్ధమని తేల్చిన దరఖాస్తులు నాలుగు వేల నూట పన్నెండు. ఆ అంకె నాకు కంఠతా వచ్చు. ఢిల్లీ సదస్సులో పెద్ద తెర మీద చూపించి, ఇన్ని మోసాలు ఆపామని చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చాను. ఆ నాలుగు వేల మంది ఎవరని ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. మూడు వేల ఎనిమిది వందల మంది నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు. అందరి గీతా వంగింది ఒక్కచోటే, భర్త పేరు దగ్గర.

భూషణరావు గారు మంచి మనిషే. కుర్చీలో వెనక్కి వాలి, అంకెలు రెండుసార్లు చూసి, సోమవారం సమీక్ష కానివ్వమన్నారు. తర్వాత మెల్లగా సరిచేద్దామన్నారు. ఈ ఒక్కావిడకి వేరే దారేదైనా చూద్దామన్నారు. వేరే దారి లేదని చెప్పాను. దారులన్నీ మూసింది మనమే. ఒక్క తీర్పుని మార్చడం ఎవరి చేతా కాదు. మార్చగలిగింది నియమాన్ని, అదీ అందరికీ కలిపి, ఇద్దరి గొంతుల ముద్రా పడితేనే. ఒకటి నాది, ఒకటి ఆయనది. నియమం మారితే ఆ చోట వచ్చిన తీర్పులన్నీ రద్దవుతాయి. ఢిల్లీలో చూపించిన అంకె కూలిపోతుంది.

రెండో గొంతుని రానిస్తే దళారులు మళ్ళీ రారా అన్నారు ఆయన. రానివ్వండి అన్నాను. రెండో గొంతుని కూడా యంత్రం వింటుంది. తెలిసి చెప్పే తవిటమ్మ గీత తిన్నగా ఉంటుంది, తెలియక ఊదేవాడి గీత వంగుతుంది. అది దానికి మొదటినుంచీ వచ్చిన పనే. నేనే చేయనివ్వలేదు.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇది నా ఇరవై ఏళ్ళ కష్టం సుభాషిణీ అన్నారు. అందులో బెదిరింపు లేదు. రిటైరు కావడానికి ఏడు నెలలున్న మనిషి దిగులుంది. అది నాకు అర్థమయింది కూడా. అయినా ఊరుకోలేదు.

“మీరొకసారి పరీక్ష గదిలోకి రండి సార్. ఆ నాలుగు వేల మందీ అబద్ధమే చెప్పారని ఒక్క మాట అనండి. గీత తిన్నగా నడిస్తే సోమవారందాకా నేను నోరెత్తను.”

ఆయన లేచి వచ్చారు. గదిలో కూర్చున్నారు. మైకు ముందుకి వంగారు. తెర మీద ఆకుపచ్చ గీత కదలకుండా ఎదురుచూస్తోంది. ఆ మాట అనకుండానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మైకులో తన ముద్ర మాటలు పలికారు. “నేను, మద్దూరి భూషణరావు, ఈ మార్పుకి ఒప్పుకుంటున్నాను.” గీత తిన్నగా వెళ్ళింది.

మధ్యాహ్నం దాకా పరీక్షలే. ల్యాబులో అందరినీ జతలు జతలుగా కూర్చోబెట్టాం. సెక్యూరిటీ ఆయనకి ఎవరిదో తాతగారి పేరు కాగితం మీద రాసిచ్చి, తెలిసినట్టు చెప్పమన్నాం. ఎంత ధీమాగా చెప్పినా గీత మెలికలు తిరిగింది. ఆయన బాగా నొచ్చుకున్నాడు. పొరుగింటాయన పేరు చెప్పమంటే తిన్నగా నడిచింది, అప్పుడు శాంతించాడు. మూడింటికి కొత్త నియమం మూడు జిల్లాల్లోనూ అమల్లోకి వచ్చింది.

నెల్లివలసలో రోహిణి వాళ్ళిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. నేను ఇక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను. భూషణరావు గారు నా వెనకాల నిలబడ్డారు. పోర్టల్ ఊరి పేరు అడిగింది, ఇంటి పేరు అడిగింది, దాలమ్మ చెప్పింది. భర్త పేరు అడిగింది. చీర సవ్వడి వినిపించింది. ఈసారి అదేమిటో నాకు తెలుసు, మోచేత్తో పొడవడం. తవిటమ్మ గొంతు ఖంగుమని లేచింది.

“లెంక జగ్గునాయుడు. మా దాలమ్మ పెనిమిటి.”

అవునా అని పోర్టల్ దాలమ్మని అడిగింది. నాలుగు సెకన్లు కాదు కదా, అర సెకను కూడా పట్టలేదు.

“అవునమ్మా, ఆయనే.”

రెండు గీతలూ తెర మీద పక్కపక్కనే తిన్నగా సాగిపోయాయి. మంజూరైందని పోర్టల్ చెప్పింది. అక్కడ తవిటమ్మ, అయితే నా పెనిమిటి పింఛను సంగతి కూడా ఇప్పుడే సెప్పేస్తే పోలేదా అని రోహిణిని అడగడం కూడా వినబడింది. రోహిణి నవ్వుతూ మైకు ఆపేసింది. నేను వెనక్కి తిరిగి చూస్తే భూషణరావు గారు అప్పటికే తన గదిలోకి వెళ్ళిపోయారు.

శుక్రవారం ఆపరేషన్ నాలుగు గంటలు సాగింది. జగ్గునాయుడు ఆదివారం కళ్ళు తెరిచి మాట్లాడాడని పెద్ద కూతురు రోహిణికి, రోహిణి నాకు చెప్పారు. దాలమ్మ మాత్రం ఊరు కదలలేదు.

సోమవారం సమీక్షలో నేను ఏం దాచలేదు. నాలుగు వేల నూట పన్నెండులో అసలు మోసాలు మూడు వందల పన్నెండుకి మించవని చెప్పాను. ఆ అంకె మీద నేను రాసి పంపిన పరిశోధనా పత్రాన్ని నేనే వెనక్కి తీసుకుంటున్నానన్నాను. అవతల కూర్చున్న అధికారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతదాకా మాట్లాడని భూషణరావు గారు లేచి, తప్పు మాది, దిద్దుకోవడం మొదలుపెట్టిందీ మేమే, ఇంకొక్క ఏడాది ఇవ్వండన్నారు. ఇచ్చారు. ఆ ఏడాదిలో ముందు ప్రతి ఊళ్ళోనూ కూర్చుని, జనం ఏ మాట ఎలా చెబుతారో ఏ మాట చెప్పరో వినాలని రాసుకున్నాం. ఫిర్యాదుల పేజీ ఆ సాయంత్రమే తిరిగి పెట్టించాను.

అబద్ధమనిపించుకున్నవాళ్ళకి సంక్షిప్త సందేశం పంపుదామని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. ల్యాబులో ఇరవై మందిమి మూడు వారాలు ఫోన్లు చేశాం. మీరు చెప్పింది నిజమే, వినడం మాకే చేతకాలేదు, క్షమించండి అని ఒక్కొక్కరికీ చెప్పాం. కొందరు నవ్వారు, కొందరు ఫోను పెట్టేశారు. ఒకావిడ పది నిమిషాలు ఏకధాటిగా తిట్టింది. సర్కారే అబద్ధాలకోరంది కదా అని కోడలు ఆర్నెల్లుగా ఇరుగుపొరుగు ముందు దెప్పుతోందట. ఆ కోడలికి ఫోనివ్వమని అడిగి, ఆమెకి కూడా అదే మాట చెప్పాను.

దాలమ్మకి ఫోను చేయడానికి నాకు భయం. ఆమెని అందరికంటే చివరికి ఉంచుకున్నాను. కుట్టు మానక జగ్గునాయుడు అప్పటికింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. మిగతా అందరికీ చెప్పిన మాటే చెప్పాను.

“నాను సెప్పింది నిజవని నాకు తెలుసు కదమ్మా” అంది. “అది కాదు. నాను పలికినందువల్ల ఆయనకేటీ కానేదని సెప్పు. ఉత్తినే కాదు, ఆ పెట్టిలో సెప్పు. అది నిజవంటే నాను ఆస్పత్రికెల్తాను.”

పరీక్ష గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. పదకొండేళ్ళలో వందలమందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాను గానీ, నాకు ఇంత భయం వేసిన రోజు లేదు. యంత్రం జరిగిన దాన్ని వినదు. మనిషి నమ్మినదాన్ని వింటుంది. కవాటం ఎప్పుడు చెడిందో, ఆయాసం ఎందుకు పెరిగిందో డాక్టర్ల నివేదికలన్నీ చదివాను, అవన్నీ నాకు తెలుసు. కానీ నేను మా అమ్మ కూతుర్ని. ఆ భయం నా గొంతులో ఎక్కడైనా మిగిలి ఉంటే గీత వంగుతుంది. వంగితే ఆ మాట దాలమ్మకి ఎలా చెప్పను?

మైకు ముందుకి వంగి చెప్పాను. లెంక దాలమ్మ తన భర్త పేరు పలికినందువల్ల ఆయనకి ఏ కీడూ జరగలేదు.

గీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిన్నగా నడిచింది. నిజం అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

దాన్ని నెల్లివలస సచివాలయానికి పంపాను. ఏ శాఖకీ చెందని కాగితం, ఎవరూ దరఖాస్తు పెట్టని సేవ. రోహిణి అచ్చు తీసి, చదివి వినిపించిందట. దాలమ్మ రెండోసారి చదివించుకుని, కాగితాన్ని మడిచి రవికెలో దోపుకుని, విశాఖపట్నం బస్సు ఎన్నింటికని అడిగిందట.